గుసగుసల కెప్టెన్

పదో తరగతిలో మా బడి హాకీ జట్టుకు నన్ను కెప్టెన్ని చేసింది నా ఆట చూసి కాదు, గొంతు విని. మా నాన్న మదనపల్లె టమోటా మార్కెట్లో వేలం పాడేవాడు. ఆ గొంతే నాకూ వచ్చింది. నేను అరిస్తే మైదానం ఆ కొసన ఉన్న గోల్‌కీపర్ కూడా ఉలిక్కిపడేది.

ఆ ఏడాది పుంగనూరు నుంచి వచ్చి ఒక ఎనిమిదో తరగతి పిల్ల మా బడిలో చేరింది. బక్కపల్చటి మనిషి. మాట్లాడితే పక్కనున్నవాళ్లకే వినపడేది కాదు. కానీ హాకీ కర్ర చేతికిస్తే బంతి దానికి అతుక్కుపోయేది. మొదటిరోజే మా అందరినీ దాటుకుంటూ పోయి నాలుగు గోల్స్ కొట్టింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

రెండు వారాల్లో మా జట్టంతా సోమరిపోతులమైపోయాం. బంతి దొరికితే ఆ పిల్లకిచ్చి చేతులు దులుపుకోవడమే. ఒకరోజు ఆట మధ్యలో మా డిఫెండర్ కర్ర కింద పడేసి నింపాదిగా జడ అల్లుకుంటోంది.

"ఏమే, పరిగెత్తవా?" అని అరిచాను.

"యాలక్కా? ఆ పాప కొడతాంది గదా. సూస్తాండాను."

పీఈటీ సార్ కూడా ఆ పిల్లనే నమ్ముకున్నాడు. కుప్పంలో పోటీలకు బయల్దేరే ముందు కెప్టెన్సీ ఆమెకిచ్చేశాడు. "నువ్వేమీ అనుకోవద్దమ్మా" అన్నాడు. ఏమీ అనుకోలేదన్నాను. బస్సు పలమనేరు దాటేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నేను నోరు మెదపకపోయేసరికి నాకు ఒళ్లు బాగాలేదేమోనని సార్ రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు.

కుప్పంలో అవతలి జట్టువాళ్లు తెలివైనవాళ్లు. ముగ్గురు ఆ పిల్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. బంతి మా దగ్గరే ఉండిపోయింది. దాన్నేం చేయాలో మాకెవరికీ గుర్తులేదు. విరామానికి ఒక గోల్ వెనకబడ్డాం.

కొత్త కెప్టెన్‌ను మాట్లాడమన్నాడు సార్. ఆమె నేల చూపులు చూస్తూ, "అక్కా... కొంచిం పరిగెత్తండక్కా" అంది. సగంమందికి వినపడలేదు. విన్నవాళ్లు నవ్వారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు లోపల సంతోషం కలిగిన మాట నిజమే. అది ఎంతోసేపు నిలవలేదు. ఆమె నా పక్కకొచ్చి చెవిలో చెప్పింది. "నా కాడికి ముగ్గురొస్తాండారక్కా. ఎడంపక్కంతా ఖాళీగా ఉండాది. బాల్ నాకియ్యొద్దని నువ్వు సెప్పక్కా. నేను సెప్తే ఎవురూ వినరు."

నాకు అన్నాళ్లూ అరవడమే తెలుసు. ఏమని అరవాలో మొదటిసారి తెలిసింది.

ఆట మళ్లీ మొదలయ్యాక ఆమె నా పక్కగా పరిగెత్తుతూ గొణుగుతుంది, నేను అరుస్తాను. "ఎడంపక్కకి పోండే! నిలబడుకోని సూడొద్దండే!" ఆమె ఆ ముగ్గురినీ వెంటేసుకుని కుడివైపుకు పోయింది. బంతి మా జడల డిఫెండర్‌కు దొరికింది. ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు.

"అక్కా, యాడికి కొట్టాల?" అని కేక వేసింది.

"గోల్లోకే! ఇంక యాడికి?"

కళ్లు మూసుకుని కొట్టింది. గోల్! కొట్టినామెకే నమ్మకం కుదరక అంపైర్‌ను అడిగి వచ్చింది.

ఆ ఆట ఒకటి ఒకటితో సమంగా ముగిసింది. మరుసటిరోజు ఓడిపోయాం. కానీ అందరం ఎంత పరిగెత్తామంటే, ఇంటికి వచ్చేటప్పుడు బస్సు మెట్లు ఎక్కడానికి ఒకరినొకరం లాక్కోవాల్సి వచ్చింది. బస్సులో సార్ నా పక్కన కూర్చుని, కెప్టెన్సీ మళ్లీ తీసుకోమన్నాడు.

"వద్దు సార్. ఆ పాపే ఉండనీండి" అన్నాను.

ఆ మాట వినడానికి మా కెప్టెన్ మేలుకుని లేదు. నా భుజం మీద తల వాల్చి గురక పెడుతోంది. ఆ గురక మాత్రం బస్సంతా వినపడింది.