గార్డు విప్పి అమ్మిన గ్రైండర్

కొవిడ్ గొడవ సద్దుమణిగిన తరువాత, రిటైర్మెంటుకు ఇంకా కొద్దికాలమే ఉందనగా, నన్ను బందరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి డిప్యూటీ సివిల్ సర్జన్‌గా బదిలీ చేశారు. సర్కారు వైద్యుల హోదాల్లో అది మధ్య మెట్టు. కింద సివిల్ అసిస్టెంట్ సర్జన్, పైన సివిల్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నంత మాత్రాన అందరూ ఆపరేషన్లు చేయరు. జ్వరాలు చూసే వైద్యులకూ ఇవే హోదాలు. నాది ఎముకల విభాగం కాబట్టి నేను నిజంగానే కత్తి పట్టేదాన్ని. ఆడమనిషి విరిగిన ఎముకలు సరిచేస్తుందంటే నమ్మని రోగులు కొందరు నన్నే పట్టుకుని "పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగేవారు. దానికి అలవాటు పడిపోయాను. ఇప్పుడు చెప్పబోయే విషయానికి మాత్రం ఈనాటికీ అలవాటు పడలేదు.

ఒక మధ్యాహ్నం ఓపీ ముగించి లేస్తుండగా క్యాజువాలిటీ నుంచి పిలుపు వచ్చింది. పెడన నుంచి ఆటోలో ఒక మనిషిని తెచ్చారు. పేరు కొండలరావు, నలభై దాటిన వయసు. కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులు చెక్కడం అతని వృత్తి. ఇంటి వెనక రేకుల పంచలోనే పని. ఎడమ చేతికి చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయి ఉంది. పక్కనే భార్య నాగమణి ఆ చేతిని పైకెత్తి పట్టుకుని నిలబడింది. ఆటోలో వచ్చినంత సేపూ అలాగే పట్టుకుని వచ్చిందట.

తువ్వాలు విప్పి చూశాను. చెయ్యి వెనక వైపు అడ్డంగా తెగింది. అంచులు శుభ్రంగా తెగినవి కావు, చీరుకుపోయినవి. గాయం నిండా టేకు పొట్టు. చూపుడు వేలు మధ్య కణుపు దగ్గర చితికిపోయి తోలుకు వేలాడుతోంది. నడిమి వేలు చాపమంటే చాపలేకపోయాడు. వేళ్ళను చాపే పట్టీలను మన జనం నరాలంటారు కానీ అవి నరాలు కావు. కండను ఎముకకు కలిపే తెల్లటి తాళ్ళు, మేము టెండన్లు అంటాం. ఆ తాడు తెగితే వేలు ముడుచుకుంటుంది, తెరుచుకోదు.

"దేనితో తెగింది?" అని అడిగాను.

"గ్రైండరండీ. కొత్తది. కొని వారం కూడా తిరగలేదు," అన్నాడు. నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది అతని మొహంలో.

యంత్రాల వల్ల అయిన గాయాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు తెలియజేయడం మా పద్ధతి. కబురందుకుని కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదస్తుడే. రాయడానికి కూర్చుని, "ఇంట్లో పని చేసుకుంటూ అజాగ్రత్త వల్ల గాయపడ్డాడు. అంతేగా మేడమ్?" అన్నాడు.

నాగమణి ఆ మాటకు గిర్రున తిరిగింది.

"అజాగ్రత్తా? మా ఆయన పెళ్ళికి ముందునుంచీ ఉలి పట్టాడండీ. ఎంత పదునైన ఉలైనా చేతికి గీత పడనిచ్చిన మనిషి కాదు. మీరు చూశారా అజాగ్రత్తగా ఉండటం?"

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. నేను థియేటరు సిద్ధం చేయించే హడావుడిలో ఉన్నాను. యంత్రం చూడకుండా కారణం రాయవద్దని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

ఆపరేషన్ చాలాసేపే పట్టింది. ముందు సెలైన్‌తో కడిగి పొట్టు తీయాలి. ఒక్క రేణువు మిగిలినా చీము పడుతుంది. చూపుడు వేలు పై భాగం నిలవలేదు. మధ్య కణుపు దగ్గరే తీసేయాల్సి వచ్చింది. విరిగిన నడిమి వేలి ఎముకను సన్నటి ఉక్కు తీగతో నిలబెట్టి, తెగిన టెండన్ కొసలు వెతికి పట్టుకుని కుట్టాను. అచ్చు చెక్కేవాడికి కుడి చెయ్యి సుత్తి వేస్తుంది. గీత ఎటు పోవాలో నిర్ణయించేది ఉలిని పట్టిన ఎడమ చేతి చూపుడు వేలు. నేను తీసేసింది దాన్నే.

మరునాడు రౌండ్స్‌లో ఆ మెషీన్ చూడాలని ఉందన్నాను. సాయంత్రానికి నాగమణి దాన్ని సిమెంటు సంచిలో చుట్టి తెచ్చింది. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పాఠాలు చెప్పే మా తమ్ముణ్ణి కూడా పిలిపించాను. సంచి విప్పగానే వాడు, "అక్కా, ఇది చెక్క కోసేది కాదే!" అన్నాడు.

విషయం ఇది. ఆ చేతి గ్రైండర్ ఇనుము అరగదీయడానికీ కోయడానికీ చేసిన యంత్రం. చెక్క కోసే రంపం మెషీన్ కంటే చాలా ఎక్కువ వేగంతో తిరుగుతుంది. దానికి పళ్ళున్న చెక్క బ్లేడు బిగించారు. అదీ యంత్రం కొలతకు మించిన పెద్ద బ్లేడు. పెద్ద బ్లేడు పట్టాలంటే చేతికి అడ్డుగా ఉండే ఇనుప గార్డు తీసేయాలి. తీసేశారు. అంత వేగంతో తిరిగే పన్ను టేకు ముడికి తగులుకుంటే, మెషీన్ ఎంత గట్టిగా పట్టుకున్నా వెనక్కి ఎగిరి మనిషి మీదికి వస్తుంది. కొండలరావు మీదికి అలాగే వచ్చింది.

"గార్డు నువ్వు తీశావా?" అని కొండలరావును అడిగాను.

"నేనెందుకు తీస్తానండీ? నాకసలు దానికో గార్డుంటుందనే తెలీదు. షాపాయనే మా ఎదురుగా స్క్రూ విప్పి, ఈ రేకు పనికడ్డం అని పక్కన పడేశాడు. బ్లేడు కూడా ఆయనే బిగించాడు. మెషీన్ ఒకటే, పనులు రెండు, ఇనుమూ కొయ్యొచ్చు, చెక్కా కొయ్యొచ్చు అన్నాడు. అందరూ ఇలాగే వాడతారన్నాడు."

గుడివాడలో ఒక పెద్ద షాపు. చెక్క పలకలు చేతి రంపంతో కోసి భుజాలు పడిపోతున్నాయని, ఇంట్లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుందామని మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎన్నాళ్ళుగానో అనుకుని, ఒక రోజు పని మానుకుని వెళ్ళారు. డ్రిల్లు, గ్రైండరు, కొత్త ఉలులు, చిత్రిక, అన్నీ అక్కడే కొన్నారు. అందులో ఒక వస్తువు అతని వేలు తీసుకుంది. నేను వద్దన్నా పోలీసు కాగితంలో కారణం మాత్రం 'అజాగ్రత్త' అనే పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను చేయగలిగింది చేశాను. ఫ్యాక్టరీల భద్రత చూసే అధికారికి ఫోను చేస్తే, ఇల్లు మా పరిధిలోకి రాదు, మేడమ్ అన్నారు. తూనికలు కొలతల వాళ్ళు, తూకంలో మోసమైతే చెప్పమన్నారు. కొన్నవాడు వినియోగదారుల ఫోరంలో కేసు వేసుకోవచ్చని ఒక వకీలు చెప్పారు. ఆ మాట చెప్తే కొండలరావు, "కట్టు కట్టించుకోవడానికి రావడమే కష్టంగా ఉందండీ, కోర్టుకెక్కడ తిరుగుతాను?" అన్నాడు. అర్జీ రాసి పైకి పంపాను. సంబంధిత శాఖకు పంపామని జవాబు వచ్చింది. ఆ శాఖ ఏదో ఈనాటికీ నాకు తెలియదు.

తీగ తీసేశాక ఫిజియోథెరపీ మొదలైంది. వేడి నీళ్ళలో చెయ్యి ముంచి వేళ్ళు ముడవడం, చాపడం. నాగమణి ఇంటి దగ్గర వదిలిపెట్టకుండా చేయించేది. కొన్ని నెలలకు నడిమి వేలు ముప్పాతిక వంతు తెరుచుకుంది. ఉలిని బొటన వేలికీ నడిమి వేలికీ మధ్య పట్టుకోవడం అతనే నేర్చుకున్నాడు. ఒక రోజు ఇద్దరూ ఓపీకి వచ్చి, చెయ్యి చూపించాక కూడా లేవలేదు.

"మేడమ్, పలకలు కొయ్యడానికి మళ్ళీ ఏదో ఒకటి కొనాలండీ," అంది నాగమణి. "మేమడిగితే మళ్ళీ అదే చేతిలో పెడతారు. మీరొస్తే బావుంటుంది."

చెక్క సంగతి నాకేం తెలుసమ్మా అన్నాను. "చెయ్యి సంగతి తెలుసుగా," అంది. ఆదివారం ముగ్గురం గుడివాడ వెళ్ళాం. వేరే షాపుకు పోదామన్నాడు కొండలరావు. ముందు ఆ షాపునే నేను చూడాలన్నాను.

షాపు నిండుగా ఉంది. యజమాని లావుపాటి మనిషి, నవ్వు మొహం. కౌంటరు ముందు కృత్తివెన్ను నుంచి వచ్చిన ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. చెరువు గట్టు మీద షెడ్డుకు తలుపులూ బల్లలూ తనే చేసుకుందామని మెషీన్ కొంటున్నారు. మేము చూస్తుండగానే యజమాని డబ్బాలోంచి గ్రైండర్ తీసి, స్క్రూ విప్పి, గార్డు లాగి, వెనకనున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి విసిరాడు. అది లోపల ఇనుము మీద పడి ఖంగుమంది. తొంగి చూశాను. డ్రమ్ము సగం దాకా గార్డులే.

నేను నోరు తెరిచేలోపే కొండలరావు ముందుకు వెళ్ళి తన ఎడమ చెయ్యి కౌంటరు మీద, ఆ గ్రైండర్ పక్కన పెట్టాడు.

"బాబాయ్ గారూ, ఇదే మెషీన్. ఇదే బ్లేడు. ఇక్కడే కొన్నాను. చూడండి," అన్నాడు.

పెద్దాయన ఆ చేతిని చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. యజమాని మొహంలో నవ్వు పోయింది. "ఏమయ్యా, బేరం దగ్గరకొచ్చి ఈ మాటలేంటి? మెషీన్ పట్టుకోవడం చేతకాక వేలు పోగొట్టుకుంటే నాదా పూచీ? వందలమంది పట్టుకెళ్ళారు. అందరికీ తెగాయా?"

"చేతకానిదెవరికి?" అంది నాగమణి. "విప్పింది నువ్వు. బిగించింది నువ్వు."

నేను ఎవరో చెప్పాను. ఆ చేతికి ఆపరేషన్ చేసింది నేనేనన్నాను. అంతే, అతని గొంతు మారిపోయింది. "అయ్యో మేడమ్ గారూ, కూర్చోండి, కుర్చీ వెయ్యండ్రా, కూల్‌డ్రింకు తీసుకుంటారా?" తెగిన చెయ్యి ఉన్నవాడికి కుర్చీ లేదు. దాన్ని కుట్టిన నాకు ఉంది. ఆ మర్యాద నాకు తిట్టులా తగిలింది.

కూర్చోకుండానే అడిగాను: "చెక్క కొయ్యడానికని చేసిన మెషీన్ అసలు లేదా?"

"ఎందుకు లేదండీ, ఉంది." నిచ్చెన వేయించి అటక మీద నుంచి ఒక డబ్బా దింపించాడు. చేతి రంపం మెషీన్. బ్లేడు పైన గట్టి కవచం, కింద స్ప్రింగు మీద కదిలే ఇంకో కవచం. చెక్కలోకి దిగుతుంటే తెరుచుకుంటుంది, బయటికి రాగానే దానంతటదే మూసుకుంటుంది. చెయ్యి దానికి అందదు. డబ్బా మీద దుమ్ము వేలి మందాన ఉంది.

"ఇది ఉండగా అది ఎందుకిచ్చారు వీళ్ళకి?"

"అడగలేదుగా మేడమ్," అన్నాడు.

చాలా ఏళ్ళ సర్వీసులో నాకు కోపం తెప్పించిన మాటలు చాలానే ఉన్నాయి. ఇంత తేలిగ్గా అన్నది మాత్రం లేదు. ఉందని తెలియనివాడు ఎలా అడుగుతాడు? అతను చెక్క కొయ్యాలని చెప్పాడు. ఏది ఇవ్వాలో చెప్పాల్సినవాడు కౌంటరు అవతల ఉన్నాడు. షాపంతా వినేటట్టే ఆ మాటలన్నాను.

కృత్తివెన్ను పెద్దాయన గ్రైండర్ మీద నుంచి చెయ్యి తీసేసి, "ఇంటికెళ్ళి ఆలోచించుకుంటానబ్బాయ్," అని వెళ్ళిపోయారు. తరువాత ఆయన ఏం కొన్నారో నాకు తెలియదు. యజమాని అటక మీది డబ్బాను కొండలరావు ముందుకు తోసి, మీకు తగ్గించి ఇస్తానన్నాడు.

"నాకిక్కడొద్దండీ," అన్నాడు కొండలరావు. డబ్బాను ముట్టుకోలేదు.

తరువాతి వారం మా తమ్ముడు వాళ్ళను బందరులో మరో షాపుకు తీసుకెళ్ళాడు. అక్కడ అలాంటి రంపం మెషీనే ఒకటి, పలకను బల్లకు బిగించే క్లాంపులు, కళ్ళద్దాలు కొన్నారు. పలకను చేత్తో పట్టుకోవాల్సిన అవసరమే లేకుండా బల్ల ఎలా అమర్చుకోవాలో వాడే దగ్గరుండి చూపించాడు. కొండలరావు ఇప్పటికీ అచ్చులు చెక్కుతున్నాడు. పెద్ద పువ్వులూ అంచులూ అతనివి. వెంట్రుక మందం గీతలుండే పని ఇక చేతికి రాదని తనే వదులుకున్నాడు. ఆ సన్నపని నాగమణి నేర్చుకుంటోంది. మొదటి అచ్చులు అద్దకం వాళ్ళు తిప్పి పంపారట. ఈ మధ్య ఉంచుకుంటున్నారట.

గుడివాడ షాపు మీద ఏ చర్యా లేదు. ఉంటుందని ఇప్పుడు అనుకోవడం కూడా లేదు.

ఆ కేసు నాకు నేర్పింది మా పనికి సంబంధించినదే. కుక్క కరిచి వస్తే ఆ కుక్క పెంపుడుదా, ఊరకుక్కా, ఇంకా బతికే ఉందా అని అడిగి రాస్తాం. పాము కరిస్తే ఏ పామని అడుగుతాం. పనిముట్టుతో చెయ్యి తెగితే మాత్రం 'మెషీన్' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. గుడివాడ నుంచి వచ్చాక రిటైరయ్యేదాకా, అలాంటి గాయంతో ఎవరొచ్చినా మా విభాగంలో కేసు షీటు మీద అది ఏ యంత్రమో, ఏ బ్లేడు బిగించి ఉందో, గార్డు ఉందో లేదో, లేకపోతే తీసింది ఎవరో రాయించాను. రక్తం ఆపాల్సిన సమయంలో ఈ ప్రశ్నలేమిటని జూనియర్లు విసుక్కున్నారు. రక్తం ఆగాక అడగమన్నాను. ఆ జవాబుల వల్ల ఎవరి వేలూ తిరిగి రాదు. కానీ ఆసుపత్రి రాయని గాయం ప్రభుత్వం దృష్టిలో జరగనట్టే. జరగని దానికి ఏ శాఖా బాధ్యత తీసుకోదు.