భుజంతో తగువు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి బస్సు డ్రైవరు తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఒక మోకాలిని నిలదీస్తోంది. మొన్న అంత వంగి ఇవాళ ఇంతేనా, ఆదివారమంతా ఏం వెలగబెట్టావు అని. మోకాలి సొంతదారు, రిటైరైన హెడ్మాస్టరు, తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆవిడ తీరే అంత. మనిషిని పల్లెత్తు మాట అనదు, కీళ్లని మాత్రం ఉతికి ఆరేస్తుంది. మనిషికి ‘మీరు’, మోచేతికి ‘ఒరేయ్’. వెనకాల అందరూ తగువు డాక్టరమ్మ అనేవారు. ఎదురుగా అనడానికి ఎవరి కీళ్లకీ ధైర్యం చాలలేదు.

డ్రైవరు కూడా కోపంగానే వచ్చాడు. కుడి భుజం బిగుసుకుపోయి నాలుగు నెలలైంది. చెయ్యి ఛాతీ దాటి లేవదు. చొక్కా గుండీలు భార్య పెడుతోంది. డిపో వాళ్లు రెండు నెలలు గడువిచ్చారు. ఆలోగా సీట్లో కూర్చుని, కుడి చేత్తో తలపైనున్న అద్దం సరిచేసి చూపించాలి. లేకపోతే విచారణ కిటికీ దగ్గర కుర్చీ వేస్తారు. ఇరవై రెండేళ్లు బస్సు నడిపినవాడు, ఆ బస్సు ఎన్నింటికొస్తుందో జనానికి చెబుతూ కూర్చోవాలి.

“నా వల్ల కాదండీ. ఈ చెయ్యి చచ్చిపోయింది,” అన్నాడు కూర్చోకముందే, డిపో గడువూ అద్దం సంగతీ చెప్పి.

“మీరు ఆగండి. నేను దీంతో మాట్లాడుతున్నాను,” అంటూ ఆవిడ భుజం పట్టుకుంది. “ఏరా, చచ్చిపోయావట. చచ్చినవాడివి నొప్పెందుకు పెడుతున్నావు?”

డ్రైవరు గబుక్కున కూర్చున్నాడు.

ఆ గది గోడకి ఒక పెద్ద పోస్టరు వెనక్కి తిప్పి అంటించి ఉంది. ఎవరో మందుల కంపెనీ వాళ్లు ఇచ్చిందట, నమ్మితే ఏదైనా సాధ్యమేనని రాసి. కీళ్లకి చదువొచ్చా అని ఆవిడ దాన్ని గోడవైపు తిప్పేసి, తెల్లగా ఉన్న వైపు గీతలు గీసుకుంది. చేతులు లేవనివాళ్లు దానిమీద వేళ్లతో చీమల్లా పైకి పాకాలి.

బుధవారం డ్రైవరు వచ్చేసరికి ఆ కాగితం మీద కొత్తగా ఒక ఎర్రగీత ఉంది, అన్ని గీతల కంటే పైన. దాని ముందు కాళ్లు కోసేసిన పాత స్టూలు. అందులో ఒక కాలు కాస్త పొట్టి. దానిమీద ఊగుతూ కూర్చుని గీతకేసి చూస్తే ఆకాశంలో ఉన్నట్టుంది. అంత పైన ఎందుకు గీశారని అడిగాడు.

“కోపంలో గీశాను,” అంది ఆవిడ.

ఇక రోజూ అదే రామాయణం. తిండి దండగ అంది, సోమరిపోతు అంది, చెయ్యెత్తమంటే చెవికి అతుక్కుంటావేం అంది. డ్రైవరు ఇంటికొచ్చి ఆవిడ నోరు ఎలాగైనా మూయించాలన్న కసితో గోడలన్నీ వేళ్లతో పాకేవాడు. ఒకరోజు వంటింట్లోంచి భార్యకి వినిపించింది, పక్కగదిలో ఆయన ఎవరినో బతిమాలుతున్నాడు: “లేవరా. అక్కడ నా పరువు తీస్తున్నావు.”

ఆరో వారం, వేళ్లు ఎర్రగీతకి నాలుగంగుళాల కింద ఆగిపోయాయి. మూడు రోజులు కదల్లేదు.

“ఇది ఇంతే. దీని పుట్టుకే బద్ధకం,” అంది డాక్టరమ్మ.

డ్రైవరు స్టూలు మీంచి లేచాడు. “ఇంక ఊరుకోండి. ఎంతసేపూ దాన్నే అంటారేంటి? పొద్దున తల దువ్వింది. నిన్న తీగమీద బట్టలు ఆరేసింది. మీరు చూశారా? దాని కష్టం మీకేం తెలుసు?”

డాక్టరమ్మ ఎక్కడో పడిపోయిన పెన్సిలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. పెన్సిలు ఆవిడ చెవి మీదే ఉంది.

“నేను నాలుగో వారంలోనే అరిచాను,” అన్నాడు హెడ్మాస్టరు కిటికీవైపు నుంచి, కాస్త గర్వంగా.

ఆ రోజు వేళ్లు రెండంగుళాలు పైకి వెళ్లాయి.

గడువు రోజున డ్రైవరు బస్సెక్కి సీట్లో కూర్చున్నాడు. అధికారి చూస్తుండగా చెయ్యెత్తాడు. ఎత్తుతుంటే ఎన్నోసార్లు వెళ్లిన దారిలాగే అనిపించింది. వేళ్లు తిన్నగా వెళ్లి అద్దం అంచు పట్టుకున్నాయి. అధికారి సంతకం చేసి దిగిపోయాడు.

డిపో మెకానిక్కు బస్సు కిటికీ దగ్గరికొచ్చాడు. “ఆవిడ మీకేమవుతారన్నా?”

“ఎవరు?”

“రెండు నెలల కింద ఒక మంగళవారం టేపు పట్టుకుని వచ్చారుగా. ఈ సీట్లోనే కూర్చుని కొలిచారు. సీటు నుంచి అద్దం దాకా నూట పన్నెండు సెంటీమీటర్లు, రాయి అని నాచేత రాయించారు. పోతూ పోతూ ఒకటే తిట్లు. ఆ మనిషి అంత చెయ్యెత్తాలా, నువ్వు ఓ జానెడు దిగితే నీ సొమ్మేం పోయింది అని.”

“నిన్నా?”

“నన్నెందుకు? అద్దాన్ని.”

డ్రైవరు వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. చెయ్యి చచ్చిపోయిందని తను చెప్పింది సోమవారం. ఎర్రగీత కనిపించింది బుధవారం.

అతనికి ఒళ్లు మండింది. ఒక్క మాట చెబితే ఏం పోయేదని తిన్నగా ఆ గదికి వెళ్లాడు. డాక్టరమ్మ ఎవరో మంగలి బొటనవేలిని కడిగిపారేస్తోంది. ఆవిడ పక్కన బల్లమీద కొత్త కత్తెర ఉంది.

“ఏమండీ,” అన్నాడు డ్రైవరు.

“మీరు ఆగండి,” అంది ఆవిడ తలెత్తకుండా. “దాన్ని చెప్పమనండి. ఇవాళ ఎంత?”

డ్రైవరు పొట్టికాలు స్టూలు మీద కూర్చుని, గోడమీద వేళ్లు పాకించాడు. వేళ్లు ఎర్రగీత దాటాయి. అక్కడ గీతలు లేవు. టేపు తీసుకుని తనే కొలిచాడు.

“నూట పద్దెనిమిది.”