మాణిక్యం గారి ‘ఆయ్’

అమలాపురంలో నర్సింగు చదివే పిల్లలకి మాణిక్యం గారి పేరు చెబితే ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త గుండె దడ మొదలవుతుంది. ప్రసూతి వార్డులో సిస్టరుగా చేసి రిటైరైన ఆవిడ వారానికోసారి రాజోలు నుంచి బస్సెక్కి వచ్చి వాళ్ళకో క్లాసు తీసుకుంటారు. క్లాసంటే పాఠం కాదు. కొంగు నడుముకి దోపి, కుర్చీ అంచున ముడుచుకు కూర్చుని, కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడి భార్యగా మారిపోతారు. పిల్లల్లో ఒకరు ఆవిడకి మందులు ఎలా వాడాలో చెప్పాలి.

ఓసారి హేమంత్ అనే కుర్రాడి వంతు వచ్చింది.

“ఈ సుగరు బిళ్ళ రెండుపూటలా భోజనానికి ముందు వేసుకోవాలమ్మా. అర్థమైందా?”

“ఆయ్” అన్నారావిడ, ఎంతో మర్యాదగా.

హేమంత్ గర్వంగా చుట్టూ చూశాడు. “పొద్దున్న బిళ్ళ ఎప్పుడేస్తానో అడుగు బాబూ” అన్నారావిడ. అడిగాడు.

“పొద్దున్న వెయ్యనండీ. చద్దన్నం తినేసి పన్లోకెళ్ళిపోతాను. అది భోజనం కాదు కదండీ.”

క్లాసంతా గొల్లుమంది. హేమంత్ ముఖం కందిపోయింది.

“మనవేపు ఆయ్ అంటే అర్థమైందని కాదర్రా” అన్నారు మాణిక్యం గారు. “మీరు చెబుతున్నారు, నేను వింటున్నానండి అని. అర్థం కాలేదంటే మీకు చెప్పడం రాలేదన్నట్టు ఉంటుందని ఎవరూ అనరు. అంచేత అర్థమైందా అని అడక్కండి. ఇంటికెళ్ళి ఏం చెప్తారండీ అని అడగండి.”

మర్యాదలో మనవాళ్ళకి సాటి లేదు. ఆ మర్యాదే ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకుంటారు?

ఈ ఏడాది ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతుంటే మాణిక్యం గారికి వరస తప్పడం మొదలైంది. అద్దాలు మారిస్తే పోతుందనుకుని కంటాసుపత్రికి వెళ్ళారు. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు డాక్టరమ్మ. “ఎడమ కంటికి పక్క చూపు కొంత పోయిందండి. పోయింది ఇంక తిరిగి రాదు” అన్నచోటే మాణిక్యం గారి బుర్ర ఆగిపోయింది. ఆ తర్వాత డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పారు. ఆవిడ తలూపుతూ అన్నిటికీ ఆయ్, ఆయ్ అన్నారు. నర్సుగా చేసినావిడకి విడమరచి చెప్పడమెందుకులే అనుకుని డాక్టరమ్మ చీటీ రాసిచ్చేశారు.

బయట మందుల సంగతి వివరించే కుర్రాడు ఎవరయ్యా అంటే, చదువైపోయి అక్కడే ఉద్యోగంలో చేరిన హేమంత్.

“డాక్టరుగారు అంతా చెప్పేరా మేడమ్?”

“ఆయ్, చెప్పేరు బాబూ.” చీటీ, సీసా తీసుకుని వెళ్ళబోయారు.

హేమంత్ కుర్చీ లాగి వేశాడు. “ఇంటికెళ్ళి సారుకి ఏం చెప్తారండీ?”

మాణిక్యం గారికి ఒళ్ళు మండింది. నాకే పాఠమా అనుకున్నారు. “ఏముంది, సీసా అయ్యేదాకా చుక్కలేసుకోవాలి. ఎరుపు తగ్గితే మానెయ్యొచ్చు...” అంటూ ఆగిపోయారు. కంట్లో ఎరుపన్నదే లేదు, అది కళ్ళకలకకి చెప్పే మాట. నవ్వబోయారు గానీ ఏడుపొచ్చింది.

“భయమేసింది బాబూ. ఒక్క ముక్క చెవిన పడలేదు. మళ్ళీ చెప్పు.”

“పడుకోబోయే ముందు రెండు కళ్ళల్లోనూ ఒక్కో చుక్కండి. నొప్పి లేకపోయినా వెయ్యాలి. సీసా అయిపోతే ఇంకో సీసా. ఉన్న చూపు నిలవాలంటే ఎప్పటికీ మానకూడదండి.”

ఆయ్ అనబోయి, నోరు మూసుకుని, ఆవిడ మొత్తం తిరిగి చెప్పారు. అప్పుడు గానీ హేమంత్ లేవనివ్వలేదు.

ఇంటికొచ్చి అదంతా భర్త ప్రకాశరావు గారికి వల్లించారు. ఆవిడకి చెయ్యి వణుకుతుంది, చుక్కలు ఆయనే వెయ్యాలి. రిటైరైన మాస్టారు పేపర్లోంచి తలెత్తకుండా “ఆయ్” అన్నారు.

ఆవిడ పేపరు లాగేశారు. “ఆయ్ కాదండీ. నేనేం చెప్పేనో చెప్పండి.”

ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ కళ్ళలోకి చూశారు. “పడుకోబోయే ముందు ఒక్కో చుక్క, నేనే వెయ్యాలి. నువ్వు నన్ను చూస్తూ ఉండాలంటే ఒక్కరోజు కూడా మానకూడదు.”

“నేనలా చెప్పలేదు” అన్నారు మాణిక్యం గారు.

“నాకలా అర్థమైంది” అన్నారాయన.