మాస్టారి కుండీలో మొక్క

ఒక చిన్న మొక్క విషయంలో నేను చేసిన పని ఇన్నేళ్ళుగా నా మీద బరువుగా ఉంది. మొక్కే కదా అని మీరు అనవచ్చు. నేనూ అలాగే సరిపెట్టుకోవాలని చూశాను. కుదరలేదు. నోటిదాకా వచ్చిన ప్రతిసారీ వేరే మాట ఎత్తుకుని లేచి వెళ్ళిపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. మావారిది బట్టల కొట్టు. పొద్దున్నంతా కొట్లో కూర్చునేదాన్ని. మధ్యాహ్నం డాబా ఎక్కితే అక్కడ నావి అరవై డెబ్బై కాక్టస్ కుండీలు. మా వైపు గాలిలో ఉండే తేమకి అవి బతకడమే గొప్ప. వానాకాలం వస్తే పైన ప్లాస్టిక్ పట్టా కట్టి, ఎక్కడైనా మెత్తబడిందేమోనని ఒక్కో మొక్కనీ వేలితో నొక్కి చూసుకునేదాన్ని.

నాకు ఆ విద్య నేర్పింది దానయ్య మాస్టారు. అది ఆయన అసలు పేరు కాదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. గుండుగొలనులో బస్సు దిగి, కొల్లేరు వైపు ఆటోలో అరగంట వెళితే ఆయన ఊరు. పెరటి గోడ దాటితే చేపల చెరువు గట్టు. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. ఆయన కాక్టస్‌లు పెంచడమే కాదు, కొత్త రకాలు పుట్టించేవారు. ఒక పువ్వు పుప్పొడిని సన్నటి కుంచెతో తీసి ఇంకో పువ్వుకి అద్దేవారు. కాయ కట్టాక గింజలు నాటి, ఆ మొలకలు పూసేదాకా మూడేళ్ళో నాలుగేళ్ళో ఎదురుచూసేవారు. వాటిలో నచ్చింది ఒకటి దొరికితే పండగ. మిగతావన్నీ పాత విద్యార్థులకీ, చర్చిలో కలిసేవాళ్ళకీ పంచేసేవారు.

రెండువేల మూడో నాలుగో. పదకొండేళ్ళ పని తర్వాత, ఆ ఏప్రిల్లో, ఒకే ఒక్క మొక్క ఆయన కోరుకున్నట్టు పూసింది. బత్తాయంత గుండ్రటి ఒళ్ళు, నెత్తిన తెల్లటి నూగు, మెత్తటి ముళ్ళు. మిట్టమధ్యాహ్నం ఎండలో విచ్చుకున్న ఆ పువ్వుది వంగపూరంగు. రేకుల అంచులు వెండిలా ఉన్నాయి. మధ్యలో ఎర్రటి బొట్టు, గడ్డకట్టిన నెత్తురులా. ఆ జాతిలో మా వైపు దొరికేవన్నీ పసుపు పూలే. అప్పటికే ఆయన కళ్ళకి నీటికాసులు, గ్లకోమా. చూపు గొట్టంలోంచి చూసినట్టు ఉందనేవారు. ముఖం ఎంత దగ్గరగా పెట్టారంటే ఆయన ఊపిరికి రేకులు కదిలాయి. ఆ పువ్వుని చూసింది మేమిద్దరమే.

మొక్క మొదట్లో ఒక పిలక ఉంది. నాకివ్వమని అడిగాను. "రెండేళ్ళు ఆగండమ్మా. దీని గింజకి ఇదే రంగు వస్తుందో లేదో చూడాలి. తరవాత మొదటి పిలక మీదే" అన్నారు.

ఆగలేకపోయాను. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆయన ఇస్తాననే అన్నారు. మరి తొందరేమిటి? ఇస్తే అది ఆయన ఇచ్చింది అవుతుంది, తీసుకుంటే నాది అవుతుంది, అని లోపల ఎక్కడో లెక్క వేసుకున్నానా? ఎప్పుడూ ఎవరో ఎంచిన చీరలు మడతపెట్టే చేతులకి ఒక్కటి తమంతట తాము అందుకోవాలనిపించిందా? ఇవన్నీ తర్వాత కల్పించుకున్న కారణాలేమో. ఆ రోజు నాకు కావాలనిపించింది. అంతే.

ఆగస్టులో ఆయన కంటి ఆపరేషనుకి వెళ్ళారు. పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. మొక్కలు చూడమని తాళంచెవి నా చేతికిచ్చారు. రెండో రోజే పిలకని కోశాను. ఇంటికి తెచ్చి నాలుగంగుళాల నాగజెముడు ముక్క మీద అంటు కట్టాను. అది పట్టుకుంది. వానలో కోసిన గాయం ఆరదని నాకు తెలుసు. ఆ మాట నాకు నేర్పిందే ఆయన. అయినా కోశాను. నాలుగు రోజుల తర్వాత వెళ్ళి తల్లిమొక్కని నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. కుళ్ళిన దోసకాయ వాసన.

నా డాబా మీద అచ్చం అలాంటి ఒళ్ళే ఉన్న మొక్క ఒకటి ఉంది. పసుపు పూలది. మర్నాడు దాన్ని తీగబుట్టలో పెట్టి, తువ్వాలు కప్పి, ఏలూరు బస్సెక్కి ఆయన ఊరు వెళ్ళాను. ఆయన కుండీలో నాటి, ఆయన చేత్తో రాసిన చీటీ మళ్ళీ పక్కనే గుచ్చాను. కుళ్ళినదాన్ని పెరటి వెనక చెరువులోకి విసిరాను. మునుగుతుందనుకున్నాను. మునగలేదు. గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు, అది మాత్రం నెమ్మదిగా గట్టు వైపు తిరిగి వచ్చింది. కర్రతో నెట్టాను. మళ్ళీ వచ్చింది. ఎంతసేపు అలా నెడుతూ నిలబడ్డానో నాకు గుర్తులేదు.

ఆయన తిరిగొచ్చేసరికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఆకివీడు నుంచి వాళ్ళ అక్కగారు వచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఆయన ముందు ఆ కుండీయే అడిగారు. తెచ్చి ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో నిదానంగా తడిమారు.

"ముళ్ళు బిరుసెక్కాయేంటమ్మా?"

"వానలకేమోనండీ. అన్ని రోజులూ పట్టా కిందే ఉంచాను."

వేలు మొదట్లోకి జారింది. "పిలక ఏదీ?"

"కుళ్ళిందండీ. తల్లికి అంటకుండా తీసేశాను."

ఆయన ముఖం నా వైపు తిప్పారు. ఆ కళ్ళు నన్ను చూడటం లేదని తెలిసి కూడా నేను తల దించుకున్నాను.

"మంచి పని చేశారు. తల్లి బతికింది, అది చాలు" అన్నారు.

మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఒక మధ్యాహ్నం నా డాబా మీద ఆ అంటు పూసింది. అదే రంగు, అదే బొట్టు. చూస్తూ నిలబడ్డాను. కింద ఫోన్ మోగింది.

"విచ్చుకుందమ్మా" అన్నారు మాస్టారు.

"ఏదండీ?"

"మన మొక్క. ఇప్పుడే. వేళ్ళకి తెలుస్తోంది."

అక్కగారు ఫోన్ అందుకుని గొంతు తగ్గించారు. "ఏమీ లేదండీ. మొగ్గ కూడా లేదు."

మొక్కలు పూసే కాలమే కదా, ఆశ కొద్దీ అంటున్నారు అనుకున్నాను. అలా అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. వారం తర్వాత రెండో మొగ్గ లావెక్కింది. దాని వైపు చూడలేకపోయాను. విచ్చుకోకముందే గోటితో తుంచి పారేశాను. చేతికి జిగురు ఇంకా ఆరలేదు, ఫోన్ మోగింది.

"మొగ్గ పోయిందమ్మా. ఎవరో తుంచేశారు. ఇక్కడ తడి తగులుతోంది" అన్నారు.

నాలుగు రోజులు డాబా ఎక్కలేదు. అయిదో రోజు ఆ ఊరు వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, నిజంగా. ఆయన అరుగు మీద కుండీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వేళ్ళు మొక్క మీద కాదు, నాలుగంగుళాల పైన, గాలిలో ఉన్నాయి. ఒక గుండ్రటి అంచు వెంట తిరుగుతున్నట్టు తిరుగుతున్నాయి. ఆ మొక్క నెత్తి మీద ఏమీ లేదు.

"ఇవాళ మళ్ళీ పూసిందమ్మా. ఏ రంగు వచ్చిందో చెప్పండి. అక్క చెప్పడం లేదు."

నేను చెప్పాను. వంగపూరంగు అన్నాను. అంచులు వెండి, మధ్యలో ఎరుపు అన్నాను. ఆ ఇంట్లో ఆ మొక్క గురించి నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. అదీ అబద్ధంగానే చెప్పాను. ఆయన తల ఊపి, "అదే, అదే" అన్నారు. నన్ను సాగనంపుతూ అక్కగారు గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "తమ్ముడి మనసు నిలబెట్టారండీ. మీ మేలు మరిచిపోను" అన్నారు.

ఇంటికొచ్చి డాబా ఎక్కి చూశాను. మూడో పువ్వు. నేను చూడని మొగ్గ.

ఆ వానాకాలంలోనే మాస్టారు పోయారు. సమాధి దగ్గర నేనూ గుప్పెడు మట్టి వేశాను. కుండీని అక్కగారే పెంచారు. మరుసటి ఏడు ఏప్రిల్లో ఆవిడ దగ్గరినుంచి ఫోన్ వచ్చింది.

"తమ్ముడి మొక్క పూసిందండీ. పసుపు. ఊరంతా వంగపూరంగని చెప్పుకున్నాడు పాపం. చూపు పోయాక మనసు ఏదో ఒకటి కల్పించుకుంటుంది కదండీ. మీరు కూడా వాడి కోసమే అలా అన్నారు."

"అవునండీ" అన్నాను.

దొంగతనం కంటే, మొక్కని మార్చడం కంటే, ఆ ఒక్క మాటే నాకు ఎక్కువ గుర్తొస్తుంది. అప్పుడు ఆయన లేరు. నేను భయపడాల్సినవాళ్ళెవరూ లేరు. అయినా అవునన్నాను. చూపు లేని మనిషి భ్రమపడ్డాడని చర్చిలో చెప్పుకున్నారు. ఆయన చదువు చెప్పిన పిల్లలు కూడా జాలిపడ్డారు. ఆయన నోటుపుస్తకాలు ఎవరికీ అక్కర్లేక పొయ్యిలోకి వెళ్ళాయని తర్వాత తెలిసింది. ఈలోగా నా అంటుకి పిలకలు వచ్చాయి. ఏలూరు పూల ప్రదర్శనలో నలుగురూ మెచ్చుకున్నారు. ఎవరు పుట్టించారని అడిగితే నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకి వాళ్ళు నేనే పుట్టించానని అర్థం చెప్పుకున్నారు. ఇప్పుడు అది ఎక్కడెక్కడో, ఎవరెవరి డాబాల మీదో నా పేరుతో పూస్తోంది. నా దగ్గరున్నది ఒక వేసవిలో, కుళ్ళకుండా, ఎండకుండా, ఊరికే చచ్చిపోయింది.

నా డాబా మీద పూసింది అక్కడ ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా లేదేమో. అక్కగారు ఉన్నారో లేదో కనుక్కునే ధైర్యం ఇంతవరకూ రాలేదు. క్షమించమని అడగవలసిన మనిషి లేరు కాబట్టి ఎవర్నీ అడగడం లేదు.

పువ్వుది వంగపూరంగే. మాస్టారు పొరబడలేదు. ఆయన దగ్గర అది లేకుండా చేసింది నేను.