మా పెద్దమ్మది థైరాయిడ్ కాదు

పెద్దమ్మ పోయిందని పొద్దున్నే పెదనాన్న ఫోన్ చేశాడు. "ముద్ద గొంతు దిగలేదమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంది. వెళ్ళిపోయింది" అన్నాడు. నేనూ అమ్మా నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేట చేరేలోపే చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెద్దమ్మ ఫొటో వచ్చేసింది. చుట్టూ గులాబీలు, పైన పావురం. కింద 'దీర్ఘకాలంగా థైరాయిడ్‌తో బాధపడుతూ ప్రభువునందు నిద్రించారు' అని రాసి ఉంది. ఏడవాల్సిన దాన్ని, ఫోను బ్యాగులో పడేశా.

పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. పిల్లల్లేరు. జగ్గయ్యపేటలో ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. పెదవుల మధ్య ఎప్పుడూ ఒక దారప్పోగు ఉండేది, మాట్లాడేటప్పుడు అది ఆడుతూ ఉండేది. చిన్నప్పుడు ఏడుస్తూ వెళ్తే ఎందుకని అడిగేది కాదు. "ముందు తిను, తర్వాత ఏడుద్దువుగాని" అని కంచం పెట్టేది. తిన్నాక ఏడుపు గుర్తుండేది కాదు. ఇప్పటికీ నా బీరువాలో ఆవిడ కుట్టిన జాకెట్లున్నాయి, ఒక్క కుట్టు ఊడలేదు.

యాభై దాటాక కుట్లు వంకర పోవడం మొదలైంది. భుజం ఉన్నట్టుండి ఎగిరిపడేది. కూర్చుంటే కాళ్ళు నిలిచేవి కావు, నడిస్తే తూలేది. పెదనాన్న నెయ్యేసి కలిపి, అరటిపళ్ళు పెట్టి, మధ్యలో జావ తాగించి, పొద్దస్తమానం తినిపిస్తూనే ఉండేవాడు. అయినా మనిషి చిక్కిపోయింది. మొగుడు కడుపు మాడుస్తున్నాడని వీధిలో అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరన్నా ఒక పూట వచ్చి కంచం దగ్గర కూర్చుని చూసుంటే బాగుండేది.

అసలు అసహ్యం ఆ తర్వాత మొదలైంది. మా సంఘం జగ్గయ్యపేటదే, నందిగామ నుంచి మేమూ అక్కడికే వెళ్తాం. అక్కడ నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు. యేసు రక్తానికి గుర్తుగా వేలెడంత గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి పళ్ళెంలో తెస్తారు. ఒక ఆదివారం పెద్దమ్మ చెయ్యి ఎగిరిపడి రసం తెల్లచీర మీద ఒలికింది. పక్కనున్నావిడ చీర ఎగదీసుకుని జరిగింది. ఆ సాయంత్రానికే పెద్దమ్మ తాగి గుడికొచ్చిందని ఊరంతా తెలిసిపోయింది. ఆ మాట నమ్మడం వాళ్ళకు చాలా తేలికైంది, ఎందుకంటే పెద్దమ్మ తండ్రి, అంటే మా తాతయ్య, కూడా అలాగే తూలుతూ నడిచేవాడు. ఆయన్ని తాగుబోతని బల్లకు దూరం పెట్టారు. పోయినప్పుడు సమాధి దగ్గరికి ప్రార్థనకు కూడా ఎవరూ రాలేదు. ఇప్పుడు సంఘ పెద్దలు వచ్చి పెదనాన్నతో, "కొన్నాళ్ళు బల్లకు దూరంగా ఉంటే మంచిదండి" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఆ మర్యాద తల్చుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

అమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. చిక్కిపోవడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ థైరాయిడే అని సంఘంలో అందరికీ చెప్పింది. థైరాయిడ్ అంటే అందరికీ తెలిసిన, మర్యాదస్తుల జబ్బు. దానికి ఎవరూ తప్పు పట్టరు. నందిగామలో రక్తం పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉందని వచ్చింది. "ల్యాబువాళ్ళు పొరబడ్డారేమో" అంది అమ్మ. పాస్టరమ్మగారైతే తను వేసుకునే థైరాయిడ్ మాత్రల డబ్బానే తెచ్చిచ్చారు. "నాకు బాగా పనిచేశాయమ్మా, వేసుకో" అన్నారు. ఆవిడ ఒళ్ళొచ్చి వేసుకునే మాత్రలవి. ఎముకల గూడులా ఉన్న మనిషికి ఇచ్చారు. పెద్దమ్మ నమ్మి వేసుకుంది. సంఘం కూడా ఆవిడ తప్పు క్షమించినట్టు మొహం పెట్టి మళ్ళీ బల్ల ఇచ్చింది. ఇంట్లో మాత్రం గుండె దడదడలాడి, చెమటలు కారి, ఉన్న కాస్త ఒళ్ళూ కరిగిపోయింది.

చివరికి విజయవాడలో నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళా. ఆయన మొదట చేసిన పని, ఆ డబ్బా పక్కన పడేయడం.

"మీ థైరాయిడ్ గ్రంథి బాగానే ఉందమ్మా. మెదడులో ఆకలికీ, నిద్రకీ, హార్మోన్లకీ పెత్తనం చేసే చోటొకటి ఉంటుంది. జబ్బు మెదడుది, ఆ చోటు కూడా దెబ్బతింటోంది. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. దానికి తోడు కాళ్ళూ చేతులూ ఆగకపాయె. థైరాయిడ్ చాలనివాళ్ళ మాత్రలు మీరేసుకుంటే ఇంకా కరిగిపోరూ?" అన్నాడు. తర్వాత అడిగాడు. "మీ నాన్నగారు ఎలా పోయారు?"

"తాగి తాగి పోయాడంటారండి. ఆయన తాగడం మాత్రం నేనెప్పుడూ చూళ్ళేదు" అంది పెద్దమ్మ.

రక్తం పరీక్షకు బయటి ల్యాబుకు పంపించారు. నెల తర్వాత మళ్ళీ వెళ్తే, మనిషిని తూలించే, తరతరాలుగా వచ్చే హంటింగ్టన్ అనే మెదడు జబ్బని తేలింది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికి ఎంత అవకాశమో, రాకపోవడానికీ అంతే అవకాశమట. తిరిగొచ్చేటప్పుడు బస్సు కంచికచర్ల దాటింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాన్న తాగలేదే అమ్మాయ్" అంది.

అమ్మ మాత్రం దండం పెట్టినంత పని చేసింది. "థైరాయిడనే ఉండనియ్యక్కా. ఇంటింటికీ ఉన్నదేగా."

"నాన్నది కూడా థైరాయిడేనంటావా?" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ సంఘ పెద్దలకు కబురు చేసింది. తన జబ్బు పేరు వాళ్ళకు చెప్పి, మా నాన్న తాగుబోతు కాదని బల్ల దగ్గర అందరి ముందూ చెప్పండి, అప్పుడే తీసుకుంటానంది. "పోయినాయన సంగతి ఇప్పుడెందుకమ్మా" అన్నారు వాళ్ళు. అంతే, ఆవిడే బల్ల మానేసింది. మొదటి ఆదివారం తప్పకుండా వెళ్ళి, చివరి బెంచీలో గోడవైపు కూర్చుని, పళ్ళెం వస్తే తల అడ్డంగా ఊపేది. మందులతో కొంచెం తెరిపి ఉన్నప్పుడు కూడా ముట్టుకోలేదు. చెప్పాల్సింది ఒక్క వాక్యం. ఇంతమంది పెద్దమనుషుల్లో దానికి నోరు పెగిలినవాడు లేడు. ఆవిడ అలా ఎదురుచూస్తూనే పోయింది.

సమాధి అయ్యాక ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటంలో పాస్టరుగారు మళ్ళీ థైరాయిడ్ అన్నారు. అమ్మ నా చీర కొంగు పట్టుకుంది. నేను విడిపించుకుని మైకు దగ్గరికెళ్ళి చెప్పేశా. జబ్బు పేరు చెప్పా. తాతయ్యకూ అదే ఉండి ఉంటుందని డాక్టరన్నాడని, ఆయన తాగలేదని చెప్పా. ముందు వరసలో ఒక పెద్దాయన గడియారం చూసుకుని, "సమయం అవుతోందమ్మా" అన్నాడు. భోజనాల దగ్గర ఎవరూ తాతయ్య ఊసెత్తలేదు. బిర్యానీ కలుపుకుంటూ ఒకావిడ అంటురోగమా అని అడిగింది. ఇంకొకావిడ గొంతు తగ్గించి, "మరి మీ అమ్మకి?" అంది. నోట్లో ముద్ద ఉండగానే అడిగింది. లేచి చెయ్యి కడుక్కుని వచ్చేశా.

బస్సులో అమ్మ ఒకే మాట అంది. "ఇక అందరూ నా చెయ్యే చూస్తారు."

అమ్మ పరీక్ష చేయించుకోలేదు. చేయించుకోమని అడిగే ధైర్యం నాకు లేదు. తనకుంటే నాకూ ఉండొచ్చు. పెద్దమ్మ ఉంటే ముందు తినమనేది.

తర్వాతి మొదటి ఆదివారం అమ్మే వెళ్దామంది. జగ్గయ్యపేట వెళ్ళాం. అమ్మ ఎప్పుడూ కూర్చునే ముందు బెంచీ దగ్గర ఆగకుండా వెనక్కి వెళ్ళి, పెద్దమ్మ చోట, గోడవైపు కూర్చుంది. పళ్ళెం వచ్చింది. నేను తల అడ్డంగా ఊపుతుందనుకున్నా. అమ్మ లేచి నిలబడింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి, పాట కూడా ఆగిపోయింది.

"మా నాన్న తాగలేదండి. మా అక్కా తాగలేదు" అంది.

అని గ్లాసు తీసుకుంది. చెయ్యి వణికింది. ఏడుపుతోనో, కోపంతోనో, ఇంకోదానితోనో నాకు తెలియదు. రెండు చుక్కలు తెల్లచీర మీద పడ్డాయి. ఈసారి తాగొచ్చిందని ఎవరూ అనలేదు. అమ్మ ఆ మరక తుడుచుకోలేదు.