గోలకు క్షమాపణ

కమ్మరివీధిలో టోఫు కొట్టు తొమెజో నోట్లో నాలుక లేని మనిషి. నలభై ఏళ్లుగా తెల్లవారకముందే లేవడం, సోయాగింజలు రుబ్బి జున్నులాంటి టోఫు తీయడం, కొన్నవాళ్లకు వంగి దణ్ణం పెట్టడం, అంతే. అలాంటివాడు డెబ్బై నాలుగో ఏట నోరు విప్పి వీధినంతా ఒక్క కుదుపు కుదిపాడు.

జపాన్ ఓడి యుద్ధం ముగిసిన రోజని ఆగస్టులో వార్డు హాల్లో ఏటా పెద్దవాళ్లను కూర్చోబెట్టి పాత కష్టాలు చెప్పిస్తారు. ఎప్పుడూ ఒకటే పాట. చిలగడదుంపలు తిని బతికాం, బాంబులకు భయపడి గోతుల్లో దాక్కున్నాం. పాపం, మనవాళ్లంతా బాధపడ్డవాళ్లే; బాధపెట్టినవాడు ఒక్కడూ ఉండడు. ఆ ఏడు మైకు చేతికందగానే తొమెజో, "నేను చైనాలో ఒక మనిషిని చంపానండీ. పోరాటంలో కాదు. కట్టేసి ఉన్నవాణ్ని" అన్నాడు. వార్డు పెద్ద మురోయి, వీధి చివర మంగలిషాపాయన, గబగబా మైకు లాక్కుని అందరికీ టీలు పోయించాడు. మిగతా మాట తొమెజో గొంతులోనే ఉండిపోయింది.

సంగతి పేపర్లో పడింది. ఆ వారమే దేశభక్తులమని చెప్పుకునే మూకల నల్ల వ్యాన్లు దిగాయి. పైన జెండాలు, నాలుగు పక్కలా లౌడ్‌స్పీకర్లు, చెవులు చిల్లులు పడేలా సైనిక గీతాలు.

"దేశద్రోహి తొమెజో! వీరుల ఆత్మల మీద ఉమ్మేసిన ముసలి కుక్కా! బయటికొచ్చి క్షమాపణ చెప్పు!"

ఆ గొంతు ఎవరిదో వీధికంతా తెలుసు. మురోయి కొడుకు కజుమసాది. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ తొమెజో భార్య తొకియె చేత్తో వేయించిన టోఫు ఊదుకుంటూ తిన్నవాడే. ఇప్పుడు సైనికుడి బట్టలు తొడుక్కున్నాడు. యుద్ధం ముగిసిన పాతికేళ్లకు పుట్టినవాడికి ఆ వేషం దేనికో!

ఒకనాడు కొట్టు అద్దం భళ్లుమంది. ఇంకోనాడు గింజలు నానబెట్టిన తొట్టిలో గొంతు కోసిన పిల్లి తేలింది. ఆ ఎర్రటి నీళ్లు పారబోస్తూ తొకియె వాంతి చేసుకుంది. ఫోనెత్తితే, "నీ పెళ్లాం గొంతూ ఇలాగే కోస్తాం" అని వినపడేది. మాట పూర్తిచేస్తాను, ఇంకొక్కసారి హాలు ఇవ్వండని తొమెజో అడిగితే మరమ్మతులున్నాయన్నారు. లైబ్రరీవాళ్లూ అదే మాట, గుడివాళ్లూ అదే మాట. ఊరంతటికీ ఒక్కసారే మరమ్మతులొచ్చిపడ్డాయి. చచ్చేలోగా ఆ మాట చెప్పి తీరాలన్నది ముసలాయన పట్టుదల. చెప్పడానికి చోటే లేకుండా చేశారు.

చివరికి మురోయి కొట్టుకొచ్చాడు.

"తొమెజో గారూ, పసిపిల్లలకు నిద్ర లేదు. ఇంటింటికీ వెళ్లి ఓ దణ్ణం పెట్టేయండి. మన పద్ధతేగా."

"గోల చేస్తోంది మీవాడు కదండీ?"

"వచ్చింది మీ వల్లే కదా. మీరు తల వంచితే ఆపేస్తామన్నాడు మావాడు."

"వంచేది తలే కదండీ" అంది తొకియె భర్తతో. "పిల్లి అయిపోయింది. తర్వాత వంతు నాదా?"

తొమెజో సరేనన్నాడు.

ఏ ఇంటివల్ల వీధికి ఇబ్బంది కలిగినా, ఆ ఇంటివాళ్లు మంచి బట్టలు కట్టుకుని, మిఠాయి పెట్టెలు పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కాలి. తలుపు తీసినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని చివరిదాకా వినాలి. తల వంచినవాడి ముఖాన తలుపేస్తే, అంతకంటే పెద్ద తప్పు లేదు.

మొదటి గుమ్మంలో తొమెజో, "మా వల్ల గోల అయింది, క్షమించండి" అన్నాడు. అక్కడితో ఆగాలి. కానీ ఆయనకో అలవాటు. టోఫు గట్టిపడకపోయినా ఎందుకు గట్టిపడలేదో చెప్పి మరీ దణ్ణం పెడతాడు. "ఎందుకంటేనండీ..." అని నోరు జారి, ఆగిపోయాడు. ఎదురుగా ఇంటావిడ మోకాళ్ల మీద కూర్చుని వింటోంది. తలుపు బార్లా తెరిచే ఉంది. ఆయన చెప్పేశాడు.

"సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు ధైర్యం రావాలని ఒక రైతుని చెట్టుకు కట్టారండీ. మా నాన్న ఈడు. తుపాకి బాకుతో పొడవమన్నారు. పొడిచాను. పక్కటెముకల్లో ఇరుక్కుపోయింది. రొమ్ము మీద కాలు పెట్టి లాగాను."

ఆ తర్వాత ఇంకొక్క మాట గొణిగాడు. ఏళ్ల తరబడి పక్కన పడుకున్న తొకియె కూడా ఎన్నడూ వినని మాట. ఆమె చేతిలో పెట్టెలు జారి మెట్ల మీద పడ్డాయి.

అడ్డుకుంటుందనుకున్నాడు. ఆమె పెట్టెలు ఏరుకుని వెనకే నడిచింది. అలా గుమ్మం గుమ్మానా చెప్పాడు. ఒకావిడ ఏడ్చింది. ఒకాయన చెవులు మూసుకున్నాడు, తలుపు మాత్రం మూయలేకపోయాడు.

ఆఖరిది మురోయి ఇల్లు. రైతు, చెట్టు, పొడవడం, కాలు పెట్టి లాగడం దాకా వచ్చేసరికి లోపల్నుంచి కజుమసా కర్ర కత్తితో దూసుకొచ్చాడు.

"క్షమాపణ చెప్పరా అంటే కథలు చెప్తావా, ముసలోడా?"

"నువ్వడిగిందే చెప్తున్నాను, బాబూ" అన్నాడు తొమెజో, నుదురు నేలకానించి. "ఇంకొక్క మాట..."

మొదటి దెబ్బకు భుజం ఎముక విరిగింది. రెండోది దవడ మీద పడింది. పళ్లు మిఠాయి పెట్టె మీద రాలాయి. ఆగక కడుపులో తన్నాడు, తలమీద తన్నాడు. తొకియె భర్త మీద పడి కప్పేస్తే ఆమె వీపు మీదా కొట్టాడు. మురోయి మాత్రం కదల్లేదు. "ఒరేయ్, ఇరుగుపొరుగు చూస్తున్నార్రా!" అన్నాడంతే. తండ్రి అనదగ్గ మాటేనా అది?

పోలీసులు కజుమసాని పట్టుకెళ్లారు. ఆస్పత్రిలో తొమెజో దవడను తీగలతో కుట్టేశారు. ఇక మాట రావడం అనుమానమేనన్నారు.

మర్నాడు తొకియె మళ్లీ మిఠాయి పెట్టెలు కొంది. వంగలేని వీపుతో ఆంబులెన్సు గోలకు క్షమించమంటూ ఇంటింటికీ తిరిగి, మంగలిషాపు ముందు ఆగింది. మురోయి తలుపు తీసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"రావలసింది నేనండీ, మీరు కాదు."

"నిన్న ఇక్కడ మా ఆయన మాట సగంలో ఆగిపోయింది" అంది తొకియె. "మిగతాది నేను చెప్తాను. కాలు పెట్టి లాగాక, ఆఫీసరు భుజం తట్టి భేష్ అన్నాడట. అప్పుడు మా ఆయనకు చాలా సంతోషమేసిందట. మీవాడికి నిన్న వేసినట్టే."