ట్రంకు పెట్టెలో గొడుగు గుమాస్తా

ఏ పాత పుస్తకం ఎప్పటిదో తెలుసుకోవడానికి ఇప్పుడు ఫోన్లో రెండు ఫొటోలు పెడితే చాలు, టీ చల్లారేలోపు నలుగురు జవాబు చెప్తారు. ఆ రోజుల్లో మేము ముక్కుతో తెలుసుకునేవాళ్ళం. అవును, నిజంగా ముక్కుతోనే. రాయపూర్ కొత్తగా రాజధాని అయి ఊరంతా గుంతలు తవ్వుకుంటున్న కాలం అది. టాటీబంధ్‌లో ఒక లారీల ఆఫీసులో బిల్టీలు, అంటే సరుకు రసీదులు, రాసే నేను, సాయంత్రం పని అయిపోగానే దేవేంద్ర నగర్‌లోని కబాడీ దుకాణానికి వెళ్ళి, పాత కాగితాల గుట్ట మీద కూర్చుని, ఒక్కో పుస్తకాన్నీ వాసన చూస్తూ ఉండేదాన్ని. దినపత్రికల్లో రోజుకు మూడు గళ్ళ చొప్పున బొమ్మల కథలు వచ్చేవి కదా, వాటిని కొన్నాళ్ళకు పోగుచేసి మళ్ళీ పుస్తకాలుగా అచ్చువేసేవారు. ఆ పుస్తకాలంటే నాకు పిచ్చి. వాటిలో చాలావాటి మీద ఏ సంవత్సరం వేశారో ఉండదు. పిన్నుల తుప్పు చూసి, వెనక అట్ట మీద సబ్బు ప్రకటన చూసి, కాగితం వాసన చూసి వయసు కట్టాలి. (జలుబు చేసిన రోజున కట్టిన వయసులు తర్వాత దిద్దుకోవలసి వచ్చేది.)

ఈ విద్యలో నా గురువు మోవాలో ఉండే ఒక పెద్దాయన. రైల్వేలో నక్షాలు గీసి రిటైరయ్యారు, విజయనగరం వైపు మనిషి. అందరూ ఆయన్ని నక్షా బాబాయి అనేవారు, నేనూ అంతే. ఆయన దగ్గర పొడుగాటి నోట్‌బుక్కు ఒకటి ఉండేది. దేశంలో ఎక్కడెక్కడ ఏ బొమ్మల పుస్తకం వచ్చిందో అందులో గళ్ళు గీసి రాసుకునేవారు. చివరి గడి పేరు 'తేదీ కనిపెట్టినవారు'. ఆ గడిలో ఆయన పేరు, నాగపూర్‌లో ఆయన స్నేహితుడి పేరు తప్ప మూడో పేరు లేదు. ఆ మూడో పేరు నాదే కావాలని నా కోరిక. ఆ వయసులో ఆడపిల్లలు ఇంకేవేవో కోరుకుంటారని మా అమ్మ గట్టి నమ్మకం, పాపం ఆవిడకు నా కోరిక ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు.

నా ఆశంతా ఒక్క పుస్తకం మీదే ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీ లేదు, ఇంగ్లీషులో ఉంది. అందులో ఒక బక్కపల్చటి గుమాస్తా రోజూ గొడుగు ఎక్కడో మర్చిపోతాడు. ఆ కథకు నేను పెట్టుకున్న పేరు గొడుగు గుమాస్తా. వాడి ఊళ్ళో ఎప్పుడూ వాన. టాటీబంధ్ దుమ్ములో, లారీల హారన్ల మధ్య కూర్చుని నేను కూడా ఆ వానలోకి వెళ్ళిపోయేదాన్ని. తడిసిన రాళ్ళ వీధి, దీపం వెలుగుతున్న టీ కొట్టు, ఎవరూ తొందర పడని ఆఫీసు, అన్నీ నాకు మా వీధికంటే బాగా తెలుసు. ఒకసారి సిమెంటు బస్తాలు అని రాయవలసిన బిల్టీలో శుభ్రంగా 'గొడుగులు, రెండు వందలు' అని రాసి ఇచ్చాను. లారీ బిలాస్‌పూర్ దాకా వెళ్ళాక గానీ ఆ సంగతి తెలియలేదు. మా మేనేజరు నన్ను తిట్టలేదు, కాసేపు జాలిగా చూశాడంతే.

ఆ పుస్తకంలో చివరి కథలో గుమాస్తా గొడుగు కోసం వానలో పరుగెత్తి వెనక్కి వెళ్తాడు, గొడుగు దొరుకుతుంది, వాన ఆగిపోతుంది. "ఆ ఆఖరి బొమ్మ పేపర్లో ఏ రోజున వచ్చిందో తెలిస్తే, పుస్తకం ఆ తరవాతిదని తేలిపోద్ది," అన్నారు నక్షా బాబాయి. "కానీ నా కళ్ళతో నేను సూడాల. సూడకుండా నోట్‌బుక్కులో ఎక్కించను, పక్కా."

మా పక్క క్వార్టర్‌లో నర్సత్తయ్య ఉండేది. నరసాపురం వైపు క్రైస్తవులు. రాయపూర్‌లో ముప్ఫై ఏళ్ళు నర్సుగా పనిచేసి, ఆ ఏడాదే రిటైరైంది. మా అమ్మకు వదిన వరస కలిపి నేను అత్తయ్య అనేదాన్ని. ఎప్పుడూ గొడుగు గుమాస్తా కబుర్లే చెప్తానని, వాణ్ణి నీ మొగుడు అని నన్ను ఏడిపించేది. క్రిస్మస్ ముందు ఆవిడ ఇల్లంతా దులిపే రోజున సాయానికి వెళ్ళడం నా ఆనవాయితీ. (దులిపినందుకు గులాబీ పువ్వులు పెట్టేది. పిండివంట గులాబీ పువ్వులే, చెట్టువి కావు.) ఆ రోజు తన పాత ట్రంకు పెట్టె ఖాళీ చేసి, వరండాలో ఎండలో పెట్టమంది. "లోపల అడుగున పేపరుంది చూసేవా, దాన్ని మాత్రం కదపకే అమ్మడూ," అని వంటింట్లోంచి అరిచింది. మూత ఎత్తి చూశాను. అడుగున పసుపు రంగుకు తిరిగిన పాత తెలుగు దినపత్రిక. పైన తేదీ, తేదీ కిందే మూడు గళ్ళు. మూడో గడిలో గొడుగు పట్టుకుని, ఆగిపోయిన వాన వంక చూస్తున్న నా గుమాస్తా! తెలుగులో మాట్లాడుతున్నాడు.

బుద్ధున్నవాళ్ళెవరైనా అత్తయ్యను పిలిచి చూపించి, నక్షా బాబాయిని ఇంటికి రమ్మనేవాళ్ళు. నాకు ఆ గడిలో నా పేరు తప్ప ఇంకేమీ కనబడలేదు. కదపవద్దంది గానీ కోయవద్దనలేదు కదా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. ఆవిడ కుట్టు డబ్బాలోంచి కత్తెర తెచ్చి, తేదీతో సహా ఆ ముక్కను అంచుల వెంట నీటుగా కోసేసి, పేపర్లో పడిన కంత మీద మడతపెట్టిన దుప్పటి పరిచాను. ఇంటికి వచ్చి మైదా ఉడకబెట్టి, ముక్క చిరిగిపోకుండా ఒక అట్ట మీద అతికించాను. అతికించే ముందు వెనక ఏముందో కూడా చూడలేదు. ఏళ్ళ తరబడి కాగితాలు వాసన చూసిన మనిషిని, ఒక కాగితాన్ని తిప్పి చూడడం మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం టెంపో ఎక్కి మోవా వెళ్ళాను. దారి పొడవునా చలికాలపు ఎండ మెత్తగా ఉంది, నేను నోట్‌బుక్కులో నా పేరు ఏ సిరాతో రాస్తారా అని కలలు కంటున్నాను. నక్షా బాబాయి భూతద్దం పెట్టి చూసి, అద్దం దించి, నా మొహం వంక చూశారు.

"ఇది తెలుగులో ఉంది కదే అమ్మా."

"అవును బాబాయి. తేదీ కూడా ఉంది!"

"ఏటి తేదీ? ఇంగ్లీషు బొమ్మని తర్జుమా సేసి ఏసుకున్నారు. అది ఆర్నెల్ల తరవాత ఏసినారో, ఆరేళ్ళ తరవాత ఏసినారో! పాత బొమ్మలు సవగ్గా వస్తే ఎప్పుడైనా ఏసుకుంటారు. దీన్తో నీ పుస్తకం వయసు ఎలా తేల్తాది?"

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ చెప్పలేను. నా మొహం చూసి ఆయనకే బాధ వేసినట్టుంది, ఏదో ఒకటి పొగుడుదామని అట్టను కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. పలచటి అట్ట, వెలుతురు దూరింది. "ఇదేటి, ఎనకాల అంకెలున్నాయి? పరీచ్ఛ నంబర్లలా ఉన్నాయి. ఒక నంబరుకి ఎవరో ఎర్ర పెన్సిల్తో సున్నా సుట్టినారు. సగం సున్నాయే ఉంది, మిగతా సగం నువ్వు కోసీసావు." అట్ట దించి, "ఎవరిదమ్మా ఈ పేపరు?" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, కదపకే అమ్మడూ అన్న గొంతు. ఏడుపు ఆపుకోలేక మొత్తం చెప్పేశాను. ఆయన పళ్ళెంలో గోరువెచ్చటి నీళ్ళు పోసి, పాత తపాలా బిళ్ళలు ఊడదీసినట్టే, అట్టను నీళ్ళ మీద తేలనిచ్చారు. మేమిద్దరం పళ్ళెం ముందు కూర్చుని చూస్తున్నాం. నోట్‌బుక్కు పక్కనే తెరిచి ఉంది, దాని వంక నేను చూడలేదు. ఆ ఎర్ర రంగు నీళ్ళలో కరిగిపోతే నేను అత్తయ్య ఇంటి గడప ఎలా తొక్కాలి అనేదొక్కటే నా భయం. చాలాసేపటికి ముక్క అట్టను వదిలింది. మైనం పెన్సిల్ కాబోలు, రంగు నిలిచింది. అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టి, నా చేతిలో పెట్టి, "చలో, ముందు ఇంటికెళ్ళు," అన్నారు.

నేను వెళ్ళేసరికి నర్సత్తయ్య పెట్టె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. దుప్పటి పక్కన పడి ఉంది. ముక్క చేతికిచ్చి, తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ముందుగా వెనక పక్కకు తిప్పి చూసింది, తర్వాత బొమ్మ చూసింది, మళ్ళీ తిప్పింది.

"నంబరు నాకు నోటికొచ్చే," అంది మెల్లగా. "దాని కోసం కాదే నేను దాచింది. ఆ సున్నా మా అమ్మ చుట్టింది. అమ్మకి అక్షరం ముక్క రాదు. పక్కింటి మాస్టారు పరీక్ష పాసైనోళ్ళలో నా నంబరు మీద వేలు పెట్టి చూపిస్తే, ఆయన పెన్సిలే అడిగి తీసుకుని చుట్టేసింది. జన్మలో మా అమ్మ రాసింది అదొక్కటే. నే నర్సు ట్రైనింగుకి బయల్దేరిన్నాడు, బట్టలకి రాసుకుని చెరిగిపోద్దని ఈ పెట్టెలో బోర్లా పరిచి పంపింది."

తిడితే బాగుండుననిపించింది. ఆవిడ తిట్టలేదు. మిగతా పేపరును జాగ్రత్తగా పైకి తీసి, బల్ల మీద నంబర్లు పైకి ఉండేలా పరిచి, ముక్కను ఆ కంతలో పెట్టి అటూ ఇటూ జరిపింది. ముప్ఫై ఏళ్ళు సూదులు పొడిచిన చేతులు అవి. వంకర టింకరగా ఉన్న ఎర్ర సున్నా రెండు సగాలూ కలిశాయి. తర్వాత పేపరును అలాగే నొక్కి పట్టుకుని నా చేత తిప్పించి, బొమ్మల వైపు హాస్పిటల్ తెల్ల ప్లాస్టర్ ముక్కలు వరసగా అంటించింది. ఒక ముక్క సరిగ్గా గుమాస్తా ముక్కు మీద పడింది.

"నీ మొగుడికి దెబ్బ తగిలిందే, అరే," అంది. నేను ఏడుస్తూనే నవ్వాను. గులాబీ పువ్వులు మామూలుగానే పెట్టింది, ఒకటి తగ్గించలేదు.

నక్షా బాబాయి ఇప్పుడు లేరు. ఆ నోట్‌బుక్కు నా దగ్గరికే చేరింది. గొడుగు గుమాస్తా పుస్తకానికి ఎదురుగా తేదీ గడి ఖాళీ, పక్క గడి కూడా ఖాళీ. ఇప్పుడు నేను రాసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. కానీ పెన్ను తీసినప్పుడల్లా పళ్ళెంలో తేలుతున్న ఆ ముక్క గుర్తొస్తుంది, మూసేస్తాను. ఫోన్లో కుర్రాళ్ళు పాత పేజీల ఫొటోలు పెట్టి ఎప్పటివో చెప్పమంటారు. ముందుగా వెనక పక్క ఫొటో పంపమంటాను. ఎందుకో వాళ్ళకు తెలియదు, పెద్ద పండితురాలిననుకుంటారు.

నర్సత్తయ్య పెట్టెతో సహా కూతురి దగ్గరికి భీమవరం వెళ్ళిపోయింది. ప్రతి క్రిస్మస్‌కూ, చర్చి నుంచి వచ్చి పెట్టె తీసి చూసుకున్నాక నాకు ఫోన్ చేస్తుంది. పండగ శుభాకాంక్షలు చెప్పదు, నేను హలో అనేదాకా కూడా ఆగదు.

"మీవాడు బాగానే ఉన్నాడే అమ్మడూ, ప్లాస్టర్ ఇంకా ఊడలేదు," అంటుంది.